హాస్యమూ భయానకమూ: హింసాచిత్రాల ఆకర్షణ

1975 ఆగస్టు 15వ తేదీన విడుదలైన 'షోలే' చిత్రంలో, దానిని చూచినవారు మరువలేని ఘట్టం ఒకటి ఉన్నది. గ్రామం మీదికి దోపిడికి పోయి, ఇద్దరు మనుష్యుల చేతిలో ఓడి, వట్టిచేతులతో తిరిగివచ్చిన ముగ్గురు అనుచరులను గబ్బర్ సింగ్ రాతిగుట్టల నడుమ నిలబెడతాడు. అతని చేతి పిస్తోలులో ఆరు గుండ్లు. మూడింటిని ఆకాశంలోనికి పేల్చి, గుండ్ల చక్రాన్ని గిరగిర త్రిప్పి, ఎవరి అదృష్టం ఎట్టిదో చూతమన్నట్లు ఒక్కొక్కరి తలకు గురిపెడతాడు. మూడుసార్లూ గుండు పేలదు. ముగ్గురూ బ్రదికిపోతారు. గబ్బర్ నవ్వసాగుతాడు. చావు తప్పినవారు మొదట జంకి, తరువాత తామూ నవ్వుతారు. చుట్టూ ఉన్న ముఠా అంతా నవ్వుతుంది. చీకటిశాలలో కూర్చున్న ప్రేక్షకుడు కూడ నవ్వుతాడు. ఆ నవ్వు శిఖరానికి చేరిన క్షణంలో మూడు గుండ్లు పేలుతాయి.

ఈ ఘట్టం వెలువడి అర్ధశతాబ్దం గడచింది. ఆ చిత్రంలోని సంభాషణలను పాటల వలెనే గ్రామఫోను రికార్డులుగా అమ్మారు. జనం కొని కంఠస్థం చేశారు. సలీం-జావేద్‌లు వ్రాసిన మాటలు, వాటిని అంజాద్ ఖాన్ పలికిన తీరు, హిందీ రాని ఊళ్లలో సైతం పిల్లల నోళ్లలో నానినవి. ఐతే ఒక ప్రశ్నకు మాత్రం సమాధానం అంత సులభంగా దొరకదు. ఆ నవ్వులో ప్రేక్షకుడు ఎవరితో చేయి కలిపాడు? చావు తప్పినదని నమ్మిన దీనులతోనా, వారిని చంపనున్న క్రూరునితోనా? గుండ్లు పేలిన వెంటనే అతని ముఖం మీద మిగిలిపోయిన చిరునవ్వు ఎవరిది?

ఈ ప్రశ్న ఒక్క చిత్రానికి సంబంధించినది కాదు. హింసను ఉన్నది ఉన్నట్లు చూపక, దానిని నృత్యం వలె తీర్చి, పాటతో, రంగుతో, మందగతితో అలంకరించి, దానికి నల్లని పరిహాసాన్ని జోడించే చిత్రాలు గడచిన పాతికేళ్లలో పెక్కు భారతీయ భాషలలో వెలువడినవి. చదువుకున్నవారు, చదువు లేనివారు అన్న భేదం లేక జనం వీటిని ఆదరిస్తున్నారు. ఈ ఆదరణకు సాధారణంగా రెండు కారణాలు చెబుతారు. మనుష్యునిలోని రక్తదాహం తీరుతుందని కొందరు. నిత్యజీవితపు విసుగు నుండి కొంతసేపు విముక్తి లభిస్తుందని కొందరు. రెండింటిలోను కొంత నిజం లేకపోలేదు. కాని రక్తదాహమే కారణమైతే పరిహాసం ఎందుకు? విముక్తియే కావలసివస్తే రక్తం ఎందుకు? ఈ రెండూ ఒకేచోట కూడినప్పుడే కలిగే ప్రత్యేకమైన ఆకర్షణను ఆ సమాధానాలు వివరించలేవు.

మన ఆలంకారికులు ఈ చిక్కును మరొక రూపంలో ఎరుగుదురు. హాస్యానికి భయానకమూ కరుణమూ శత్రురసాలని 14వ శతాబ్దికి చెందిన విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో నిర్ణయించాడు. ఒకటి ఉన్నచోట రెండవది నిలువదు, నిలిపితే రసభంగం. ఈ నియమం ప్రకారం నల్లని పరిహాసం అన్నది కళలో అసాధ్యమైన వస్తువు కావలె. కాని అంతకు అయిదు శతాబ్దాలకు పూర్వమే ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం మూడవ ఉద్ద్యోతంలో విరోధి రసాలకు సంధి కుదిర్చే మార్గాలను చెప్పియున్నాడు. రెండు రసాలను వేర్వేరు ఆశ్రయాలలో నిలుపుట ఒక మార్గం. రెండింటి నడుమ ఇరువురికీ మిత్రమైన మూడవ రసాన్ని ప్రవేశపెట్టుట మరొకటి. నాగానంద నాటకంలో శాంతశృంగారాల నడుమ అద్భుతం నిలిచి ఆ పని చేసినదని ధ్వని సంప్రదాయం చూపుతుంది.

ఈ సూత్రాన్ని పట్టుకొని చూస్తే, హింసాచిత్రాలలోని అలంకరణ వట్టి ఆడంబరం కాదని తెలుస్తుంది. మందగతిలో రాలే గాజుపెంకులు, కాల్పుల వేళ వినవచ్చే జానపదగీతం, ఎవ్వరూ నిజజీవితంలో నడువని నడక, ఇవన్నీ కలిసి ఒక విస్మయాన్ని పుట్టిస్తాయి. హాస్యానికీ భయానకానికీ నడుమ నిలిచే అద్భుతం అది. ఆ అద్భుతమే లేకపోతే అదే దృశ్యం చూడలేనంత జుగుప్స కలిగించును.

ఇది తెలుగు పాఠకునికి కొత్త అనుభవం కూడ కాదు. తిక్కన విరాటపర్వంలో కీచకుడు చీకటి నర్తనశాలకు అలంకరించుకొని వస్తాడు. సైరంధ్రి అనుకొని భీముని తాకి సరసాలాడుతాడు. భీముడు వెంటనే మీద పడడు. ఆ సరసానికి తగినట్లు ఎత్తిపొడుపుగా బదులు చెబుతాడు. శ్రోత నవ్వుతాడు. ఆ నవ్వు ఆరకముందే పోరు మొదలై, చివరకు కాలుసేతులు, తల దేహంలోనికి క్రుక్కబడి కీచకుడు మాంసపుముద్దగా మిగులుతాడు. ఇక్కడ చీకటియు మారువేషమును అద్భుతాన్ని సమకూర్చినవి. ఇంకొక విశేషం: కవి ఈ నవ్వుకు ముందు ద్రౌపది పరాభవాన్ని, నిండుకొలువులో ఆమె తినిన తాపును చూపియున్నాడు. కనుక శ్రోత నవ్వుకు ఒక పక్షం ఉన్నది. అది బలవంతుని అహంకారానికి ఎదురుగా, అవమానింపబడిన స్త్రీ పక్కన నిలిచిన నవ్వు.

ఈ 'పక్షం' అన్న మాటయే ఇట్టి చిత్రాలను తూచుటకు తగిన త్రాసు. నవ్వు హంతకుని పక్షాన ఉన్నదా, హతుని పక్షాన ఉన్నదా, లేక ఇద్దరినీ ఆడించే వ్యవస్థను చూచి నవ్వుతున్నదా అన్నదే అసలు ప్రశ్న.

విశాల్ భరద్వాజ్ 2003లో నిర్మించిన 'మక్బూల్' మూడవ కోవకు చెందినది. షేక్‌స్పియర్ మాక్‌బెత్‌ను బొంబాయి నేరప్రపంచంలోనికి తెచ్చిన ఈ చిత్రంలో ముగ్గురు మంత్రగత్తెలకు బదులు ఇద్దరు పోలీసు అధికారులు ఉంటారు. ఓంపురి, నసీరుద్దీన్ షా ధరించిన ఆ పాత్రల పేర్లు పండిత్, పురోహిత్. ప్రారంభదృశ్యంలోనే ఒకడు బండి కిటికీ అద్దం మీద జాతకచక్రం వేస్తుంటాడు. రెండవవాడు లోపల ఉన్న ఖైదీని కాల్చుతాడు. నెత్తురు చింది చక్రం మీద పడుతుంది. ప్రాణం పోయినందుకు కాక, వేసిన చక్రం పాడైనందుకు వారికి విసుగు. ప్రేక్షకుడు నవ్వక తప్పదు. నవ్విన తరువాత గాని, చట్టాన్ని కాపాడవలసినవారే విధిగా మారి మనుష్యుల ఆయువును లెక్కకడుతున్నారన్న సంగతి మనసుకు ఎక్కదు. మూలనాటకంలో డంకన్ హత్య జరిగిన మరుక్షణమే తలుపు చప్పుడూ, త్రాగిన కావలివాని వదరుబోతు మాటలూ వినవస్తాయి. ఆ తలుపు చప్పుడు గురించి డి క్విన్సీ 1823లో ప్రసిద్ధమైన వ్యాసం వ్రాశాడు. హత్యచేత ఆగిపోయిన మానవలోకం తిరిగి నడువసాగిన గుర్తు ఆ చప్పుడు అని అతని భావం. భరద్వాజ్ చిత్రంలో ఆ కావలివాడు మొదటి నుండి చివరివరకు వేదిక మీదనే ఉన్నాడన్నమాట; అందువల్ల మానవలోకమే కావలివాని పరిహాసంగా కనబడుతుంది.

ఈ ధోరణిలో అన్నిటికంటె విస్తృతమైన ప్రయత్నం అనురాగ్ కశ్యప్ 2012లో రెండు భాగాలుగా విడుదల చేసిన 'గ్యాంగ్స్ ఆఫ్ వాసేపూర్'. రెండు భాగాలూ కలిసి అయిదు గంటలకు మించిన నిడివి. ఆ ఏడాదే కాన్ చిత్రోత్సవంలో దర్శకుల పక్షోత్సవ విభాగంలో ప్రదర్శింపబడినది. కథాస్థలం ధన్‌బాద్ బొగ్గుగనుల ప్రాంతం. అది 2000 వరకు బీహారులోనిది, ఆ పిమ్మట ఝార్ఖండ్‌లోనిది. కథ 1940ల నుండి ఈ శతాబ్ది తొలి దశకం వరకు, మూడు తరాలు నడుస్తుంది. తెల్లదొరల నుండి గనులు కాంట్రాక్టుదారుల చేతికి, 1970లలో జాతీయకరణంతో ప్రభుత్వం చేతికి, ఆ వెనుక కార్మికసంఘాల పేర, తుక్కుఇనుము పేర కొత్త ముఠాల చేతికి ఏ విధంగా జారినవో ఆ కథకు వెన్నెముక. దానిమీద కప్పిన కండ ప్రతీకారం.

కాని కశ్యప్ దృష్టి ప్రతీకారం మీద కంటె, ప్రతీకారం తీర్చుకొనేవాడు తన్ను తాను ఎట్లు ఊహించుకొంటాడన్న దాని మీద ఎక్కువగా నిలిచినది. మొదటితరం షాహిద్ ఖాన్ సుల్తానా డాకూ పేరు దొంగిలించి రైళ్లను దోచుతాడు. ఆ బందిపోటు పేరు ఉత్తరదేశపు నౌటంకీ వేదికల మీద నగారా మోతల నడుమ ఊరూరా మారుమ్రోగినది. రెండవతరం సర్దార్ ఖాన్ తండ్రి పగ తీరేవరకు తల వెంట్రుకలు పెంచనని శపథం పడతాడు. ద్రౌపది విరబోసుకొన్న కురులను, చాణక్యుడు ముడివేయని శిఖను ఎరిగిన పాఠకునికి ఈ బోడితల ఎంత ప్రాచీనమైన పటాటోపమో చెప్పనక్కరలేదు. మూడవతరం ఫైజల్ ఖాన్‌కు నౌటంకీ లేదు, పురాణం లేదు. అమితాబ్ బచ్చన్ చిత్రాలున్నవి. అతడు పగను గురించి చెప్పేటప్పుడు తన పేరును తానే మూడవ వ్యక్తి పేరు వలె పలుకుతాడు. గోడమీది సినిమా ప్రకటన మాట్లాడినట్లుంటుంది.

ఈ వ్యక్తులు కట్టుకొన్న వేషానికీ, ఆ వేషం క్రింది శరీరానికీ నడుమనున్న దూరంలోనే చిత్రంలోని హాస్యం పుట్టుతుంది. హతమార్చబోయిన కుర్రవాని తుపాకి సమయానికి మొరాయిస్తుంది. చంపవచ్చినవాడే ప్రాణభీతితో పరుగెత్తవలసి వస్తుంది. ఊరిని వణికించే ఫైజల్ తాను మనసుపడిన మొహసినా చేయి పట్టుకొంటే, అనుమతి అడుగవద్దా అని ఆమె మందలిస్తుంది. వాడు కళ్ల నీళ్లు పెట్టుకొంటాడు. పెళ్లిలో బాజాతో సినిమాపాటలు పాడిన గాయకుడే చావు ఇంట కూడ గొంతు నిండ దుఃఖం తెచ్చుకొని మైకులో సినిమాపాటయే పాడుతాడు. పాటలోని దుఃఖం ఎరువు తెచ్చుకున్నదే; ఎదుట ఉన్న శవం మాత్రం నిజమైనది. ఆ రెండింటినీ ఒక చట్రంలో పెట్టడమే ఈ దర్శకుని పరిహాసం.

సర్దార్ ఖాన్ మరణదృశ్యం ఈ పద్ధతికి పరాకాష్ఠ. పెట్రోలు బంకు దగ్గర శత్రువులు అతని కారును తూట్లు చేస్తారు. నెత్తురోడుతున్న సర్దార్ తూలుతూ కారు దిగుతాడు. ఆ సమయంలో మనోజ్ తివారి గొంతున వినవచ్చేది శోకగీతం కాదు. బీహారు బిడ్డను వెయ్యేళ్లు వర్ధిల్లుమని దీవించే హుషారైన పాట. చనిపోతున్నవానిని బ్రదుకుమనే ఆ పాట అతని వేషానికి చెందినది, కూలిపోతున్న ఒడలు అతనిది. ఈ దృశ్యంలో నవ్వూ ఉన్నది, విస్మయమూ ఉన్నది, కాని పాట ముగిసేసరికి మిగిలేది కరుణం. రౌద్రం నుండి కరుణం పుట్టుతుందని భరతుడు చెప్పిన మాటకు ఇంతకంటె ప్రత్యక్షమైన ఉదాహరణ అరుదు.

ఈ పరిహాసంలో ఎంతో భాగం భాషలో ఇమిడియున్నది. పరభాషలోనికి తెచ్చేవానికి కలిగే కష్టం వల్ల అది మరింత బోధపడుతుంది. బీహారీ హిందీలో ఒక్కడు తన్ను గురించి చెప్పుకొనేటప్పుడు కూడ 'హమ్' అంటాడు. పగ ఒక్కని మనసులోనిదైనా వాక్యంలో అది వంశమంతటిది అవుతుంది. తెలుగులో 'నేను' అంటే ఆ వంశం పోతుంది. 'మేము' అంటే రాజదర్పమో హాస్యమో వచ్చి చేరుతుంది. అట్లే అక్కడి కుర్రవాళ్ల ముద్దుపేర్లు: డెఫినిట్, పర్పెండిక్యులర్, టాంజెంట్. బడిలో సగం వినిన రేఖాగణితం వీధిలో రౌడీపేర్లైనవి. వాటిని అనువదిస్తే అర్థం వచ్చును, నవ్వు పోవును. అనువదించక వదలితేనే, తమది కాని చదువు మాటలను తాయెత్తుల వలె ధరించిన ఆ పిల్లల బ్రదుకు కనబడుతుంది. మంచి నల్లని పరిహాసం ఎప్పుడూ స్థలానికి అంటిపెట్టుకొని ఉంటుందనుటకు ఇది నిదర్శనం. గనులు, బొగ్గుధూళి, ఆ యాస లేకపోతే ఈ చిత్రంలోని చావులు ఏ దేశపు చిత్రంలోనివైనా కావచ్చును.

చిత్రంలో ఈ వేషాల రహస్యం ఎరిగినవాడు ఒక్కడే. వాడు మూడు తరాలకూ శత్రువైన రామాధీర్ సింగ్. సినిమాలు చూడనందువల్లనే ఇంతకాలం బ్రదికినానని అతడు ఒకచోట చెబుతాడు. ఈ దేశంలో ప్రతివాని తలలోను ఒక సినిమా ఆడుతున్నదని, ప్రతివాడూ అందులో తానే నాయకుడనుకొంటున్నాడని అతని అభియోగం. గనులను మింగిన దుర్మార్గుని నోట ఇంతటి వివేకం పలికించుటలో ఒక విషాదవ్యంగ్యమున్నది. సినిమా తలకెక్కినవారు ఒకరినొకరు చంపుకొంటారు. ఎక్కనివాడు గనులను ఏలుతాడు. చివరకు ఆసుపత్రిలో ఫైజల్ అతనిని కాల్చేటప్పుడు ప్రాణం పోయిన తరువాత కూడ గుండ్లు ఆగవు. ఆ అతిశయం మొదట నవ్వు పుట్టిస్తుంది, తరువాత విసుగు పుట్టిస్తుంది, ఆ విసుగులో నుండి ఇది తీరే ఆకలి కాదన్న ఎరుక పుట్టుతుంది. ఆ వెంటనే ఫైజల్‌ను సొంతమనిషియే కాల్చివేస్తాడు. మిగిలినది బొంబాయిలో ఒక చిన్న గదిలో, ఒడిలో పసిబిడ్డతో మొహసినా.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పవలసియున్నది. వాసేపూర్ చిత్రం తలలో ఆడే సినిమాను వెక్కిరించినదే కావచ్చు. కాని ఆ చిత్రమే వేలాది యువకుల తలలో కొత్త సినిమాగా ఆడలేదా? దానిలోని తిట్లు, బెదిరింపులు షోలే సంభాషణల వలెనే చిలుకపలుకులై పోలేదా? ఈ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. అలంకరణకు ఒక సహజదోషమున్నది: అది తన్ను కప్పుకొన్న వస్తువు నుండి సులభంగా ఊడివస్తుంది. నడక, నల్లకళ్లద్దాలు, ఒక మాట, వీటిని ప్రేక్షకుడు ఇంటికి తీసుకొనిపోగలడు. సర్దార్ ఖాన్ కూలిన ఒడలిని తీసుకొనిపోడు. విమర్శకుడు ఈ దోషాన్ని ప్రేక్షకుని అజ్ఞానం మీద మోపి ఊరకుండరాదు. పాటకు ఇచ్చినంత కాలం శవానికి కూడ ఇచ్చినాడా అని దర్శకుని అడుగవలె. వాసేపూర్ రెండవ భాగంలో కొన్నిచోట్ల చావులు లెక్కకు మించి, ఏది ఎవరి చావో గుర్తు చిక్కక, నవ్వు హంతకుల వైపు జారినదని ఒప్పుకొనవలె. ఐనా మొత్తం మీద ఆ చిత్రం బాకీని ఎగవేయలేదు.

ఈ బాకీని మరొక విధంగా తీర్చిన చిత్రం తమిళంలో 2014లో కార్తీక్ సుబ్బరాజ్ తీసిన 'జిగర్‌తండా'. అవకాశం కొరకు వెదుకుతున్న యువదర్శకుడు ఒకడు నిజమైన రౌడీ జీవితాన్ని చిత్రించదలచి మదురైకి పోయి, అక్కడి సేతు అనే కిరాతకుని వెంట రహస్యంగా తిరిగి పట్టుబడుతాడు. ప్రాణం దక్కవలెనంటే తననే నాయకునిగా పెట్టి చిత్రం తీయమంటాడు ఆ రౌడీ. కత్తులవాళ్లందరూ నటన నేర్పే గురువు ఎదుట బడిపిల్లల వలె నిలబడుతారు. యువదర్శకుడు రౌడీకి తెలియకుండ దానిని హాస్యచిత్రంగా మలచి విడుదల చేస్తాడు. ఊరిని గడగడలాడించినవానిని చూచి ఊరంతా పకపక నవ్వుతుంది. భయం ఒక్క పూటలో కరిగిపోతుంది. ఇక్కడ నవ్వు పక్షం మార్చుకొన్నది. భయపెట్టేవాని చేతి ఆయుధం భయపడినవారి చేతికి వచ్చినది. ఐతే కథ అక్కడ ఆగదు. నవ్వబడిన రౌడీ నటుడై మెత్తబడుతాడు. నవ్వించిన దర్శకుడు తన పని నెరవేర్చుకొనుటకు రౌడీతనం నేర్చుతాడు. వేషం ఒక ఒంటి మీది నుండి మరొక ఒంటి మీదికి మారినదే గాని మాసిపోలేదు.

సేతు పాత్ర ధరించిన బాబీ సింహాకు ఆ ఏడాది ఉత్తమ సహాయనటుడుగా జాతీయ పురస్కారం లభించింది. అప్పటికి అతడు ప్రసిద్ధ నాయకుడు కాడు. కనుక జనం అతనికి నిజంగా భయపడి, తరువాత నిజంగా నవ్వగలిగారు. ఇదే కథ 2019లో హరీశ్ శంకర్ దర్శకత్వంలో 'గద్దలకొండ గణేష్' అను పేర తెలుగులోనికి వచ్చినది. అందు ఆ పాత్రను వరుణ్ తేజ్ ధరించాడు. కథ దాదాపు అదే, అతని నటన కూడ మెచ్చదగినదే. కాని తెలుగు ప్రేక్షకుడు ఆ రౌడీని చూడకముందే ఆ నటుని అభిమానించియున్నాడు. నాయకుని ప్రవేశానికి ఈలలు వేయుటకు అలవాటుపడిన శాలలో, ఆ నాయకుడే నవ్వులపాలగుట కొంత వాడి కోల్పోయినది. మాటను అనువదించుట సులభం. నవ్వు నిలిచే పక్షాన్ని అనువదించుట కష్టం. అది నటుని గురించి, శాల గురించి, జనం దాచుకొన్న భక్తి గురించి తెలిసిన పని.

కనుక ఇట్టి చిత్రాల ఆకర్షణను కేవలం క్రూరత్వమని నిందించుట సరికాదు, కేవలం వినోదమని విడిచివేయుటయు సరికాదు. తన తలలో కూడ ఒక సినిమా ఆడుతున్నదని, అందులో తాను చావనివాడనని ప్రతి ప్రేక్షకుడూ లోలోపల ఎరుగును. తెర మీద ఆ వేషం తెగి, క్రింది ఒడలు బయటపడినప్పుడు కలిగే నవ్వు, తన గురించి తనకు తెలిసిన నవ్వు. ఆ ఎరుకను ఇచ్చే చిత్రం ఎంత రక్తాన్ని చూపినా హింసకు దాసి కాదు. ఇవ్వని చిత్రం ఒక్క చుక్క నెత్తురు చిందించకపోయినా క్రూరమైనదే.

రాతిగుట్టల నడుమ నిలబడిన ఆ ముగ్గురు అనుచరులలో జనానికి గుర్తున్న పేరు కాలియా ఒక్కటే. తక్కిన ఇద్దరికి పేరున్నట్లు కూడ ఎవ్వరికీ జ్ఞప్తి లేదు. రికార్డు మీద వారి నవ్వు మాత్రం గబ్బర్ నవ్వుతో కలిసి వినిపిస్తుంది. ఆ నవ్వులో వారి గొంతులను వేరుచేసి వినగలిగినవాడే ఇట్టి చిత్రాలకు తగిన ప్రేక్షకుడు.